వెనక నుంచి తోసే బండి

షార్జా,
నవంబరు 18, 2024

గురునాథం మావయ్యకి,

దుర్గ నమస్కారాలు. సన్యాసమ్మ అత్తకి కూడా.

వచ్చి నెల దాటింది. ఫోన్ చేస్తే ఎత్తవు, ఎత్తినా అత్త చేతిలో పెట్టేస్తావు. ఫోన్లో మాటలు గాలికి పోతాయి, బళ్ల సంగతులు కాగితం మీద రాస్తే దాచుకుంటాను అన్నావట. అందుకే ఈ ఉత్తరం. పదో తరగతి తర్వాత ఇంత పొడుగు రాయడం ఇదే. తప్పులుంటే స్పానరు పెట్టి నువ్వే సరిచేసుకో.

మా యార్డు గురించి చెప్పాలి. ఇక్కడ బళ్లు అద్దెకిస్తారు. మామూలు బళ్లు కాదు. అమెరికా వాళ్లు ఒళ్లు బలిసి తయారుచేశారే, అవి. ఫోర్డు మస్టాంగులు ఏడు, వేరే కంపెనీలవి ఛాలెంజర్లు ఐదు, కమారోలు మూడు. పొద్దున్న ఒక్కొక్కదాన్నీ స్టార్ట్ చేసి వేడెక్కిస్తారు. మొదటి రోజు పక్కన నిలబడి ఉన్నాను. ఆ చప్పుడు చెప్పుల్లోంచి ఒంట్లోకి ఎక్కింది. హార్బర్లో పెద్ద ఓడ హారన్ కొట్టినప్పుడు కూడా నాకు అలా అవలేదు. నిజంగా కళ్లలో నీళ్లు తిరిగాయి, నవ్వకు.

అద్దెకొచ్చే వాళ్లూ మూడు కులాలు. ఫోర్డు వాడు ఛాలెంజర్ వైపు చూడడు. ఛాలెంజర్ వాడికి మస్టాంగు పిల్లల బొమ్మ. ఒకాయన ఫోర్డు దొరక్కపోతే నడిచైనా వెళ్తానని వెళ్లిపోయాడు. నాకు వెంటనే నువ్వు గుర్తొచ్చావు.

ఇంతకీ నేను మస్టాంగు నడిపాను మావయ్యా. ఎర్రది, ఐదు లీటర్ల ఇంజన్, ఎనిమిది సిలిండర్లు. రౌండెబౌట్ అంటారు, నాలుగు రోడ్లు కలిసే గుండ్రం, దాని దగ్గర మలుపు తిప్పుతూ యాక్సిలరేటర్ తొక్కాను చూడు, ముందు చక్రాలు రోడ్డుని కరిచిపట్టి బండిని లోపలికి లాక్కుపోయాయి. స్టీరింగు చేతుల్లో గుంజేసింది. జాలారిపేటలో చేపల ట్రాలీ ఆటో తోలుకునే దానికి నీ పాత ఫోర్డు ఫిగో మీద సింహాచలం ఘాట్ రోడ్డెక్కించి కారు నేర్పావు. ఆ పిల్ల ఈ పిల్లేనా అనిపించింది.

నీ దుర్గ

సబ్బవరం,
డిసెంబరు 9

దుర్గమ్మకి ఆశీస్సులు.

నీ ఉత్తరం వచ్చిన రోజు షెడ్డులో పని చెయ్యలేదు. నాలుగుసార్లు చదివాను. మీ అత్త నేను చదువుతుంటే ఎదురుగా కూర్చుని నా మొహమే చూసింది. మన పెళ్లి చూపుల్లో కూడా నువ్వు నన్నిలా చూడలేదు కదా అని కాగితం మీద రాసి చూపించింది. ఆమెకి వెటకారం ఎక్కువ.

నేనూ ఆ బండి నడిపాను, నీకెప్పుడూ చెప్పలేదు. నూట ఇరవై గజాలు. 2017లో మా షోరూముకి ఒకే ఒక మస్టాంగు వచ్చింది. మూసిన లారీలో వచ్చింది. దింపి హాల్లో పెట్టే పని సీనియర్నని నాకిచ్చారు. బయట కుళాయి దగ్గర కాళ్లు కడుక్కుని ఎక్కాను. స్టార్ట్ చేస్తే నడుం కింద ఎవరో పెద్దమనిషి గొంతు సవరించుకున్నట్టు అయింది. లారీ నుంచి హాలు దాకా నూట ఇరవై గజాలు, నడక వేగం. ఇరవై నాలుగేళ్లు ఆ ఒక్క కంపెనీ బళ్ల కిందే పడుకున్నాను. వాళ్లు ఇక్కడ తయారీ మానేసి, షోరూమూ మూసేశాక కూడా సబ్బవరంలో షెడ్డు వేసి ఆ బళ్లే చూస్తున్నాను తప్ప ఇంకోటి ముట్టలేదు. ఎందుకని అడుగుతారు. ఆ నూట ఇరవై గజాలు వాళ్లకేం తెలుసు.

ఆదివారం ఆదివారం రుషికొండలో మన ఫోర్డు బళ్లవాళ్లంతా కలుస్తున్నారు. సూర్యకళ టీచరు, మోహనకృష్ణ లాయరు, ఇంకో పదిమంది. సముద్రం వైపు మొహం పెట్టి బళ్లు వరసగా ఆపి టీ తాగుతారు. నీ ఉత్తరం అక్కడ చదివి వినిపించాలనుకున్నాను. చదవలేదు. ఎందుకో చెప్తాను.

అబద్ధం చెబితే అతికినట్టుండాలి అంటారు. నీది అతకలేదమ్మా. ఆ బండికి ముందు చక్రాలకి లాగే పనే లేదు. అవి తిరగడానికి. తోసేవి వెనకవి. మలుపులో తొక్కితే స్టీరింగు గుంజదు, నీ నడుము పక్కకి జరుగుతుంది. నువ్వు రాసింది మన ఫిగో. ఫిగోని తీసుకెళ్లి ఎర్ర రంగు వేశావు. నువ్వు ఆ బండి నడపలేదు.

కోపం లేదు. అసలక్కడ ఏం చేస్తున్నావో రాయి.

గురునాథరావు

షార్జా,
డిసెంబరు 28

మావయ్యకి,

నీ ఉత్తరం చదివి రెండు రోజులు అన్నం సయించలేదు. దొరికిపోతే దొరికిపోయాను, అదీ చక్రాల దగ్గర.

నేను బళ్లు కడుగుతున్నాను. ఏజెంటు డ్రైవర్ అని పంపాడు. దిగాక చేతికి బకెట్టూ గుడ్డా ఇచ్చారు. రోజుకి పదిహేను బళ్లు. ఆ ఎర్ర మస్టాంగు ముందర గుర్రం బొమ్మ ఉంటుంది కదా, దాని కాళ్ల సందుల్లో ఇసుక దూరుతుంది. పళ్లు తోముకునే బ్రష్షుతో తీస్తాను. అదీ నా డ్రైవింగు. మిగిలిందంతా అద్దెకొచ్చిన వాళ్ల మాటలు విని, రాత్రి పడుకుని ఊహించుకున్నది. ఇంట్లో అమ్మకి గానీ, నాగబాబు అన్నకి గానీ చెప్పకు. పేటలో అందరికీ దుర్గ డ్రైవరని చెప్పుకుని తిరుగుతున్నారు.

కానీ ఒక దారి ఉంది. ఇక్కడి లైసెన్సు మూడోసారికి వచ్చింది నాకు. ఆడవాళ్లు అద్దెకి తీసుకుంటే బండి ఇంటికి ఆడ డ్రైవరే తెచ్చివ్వాలని అడుగుతున్నారట. మార్చిలో ఒక్క ఆడ డ్రైవర్ని తీసుకుంటారు. మేనేజర్ యూసఫ్ పక్కన కూర్చుని పరీక్ష పెడతాడు. గెలిస్తే ఉంటాను. లేకపోతే మేలో నా కాంట్రాక్టు అయిపోతుంది, మళ్లీ చేపల ఆటోయే. ఆటో తోలడం నాకు చిన్నతనం కాదు మావయ్యా, కానీ ఈ బళ్లని రోజూ తాకి, ఒక్కసారి కూడా నడపకుండా వెనక్కి రావడం నా వల్ల కాదు.

నాకు నేర్పు. ఉత్తరంలోనే నేర్పు. ఈ బళ్లలో నేను మొట్టమొదట నడిపేది ఫోర్డే అవుతుందని నీకు మాటిస్తున్నాను.

అత్త ఫోన్‌కి మస్టాంగు స్టార్ట్ చేసినప్పటి శబ్దం రికార్డు చేసి పంపాను. విని ఎలా ఉందో రాయి.

దుర్గ

సబ్బవరం,
జనవరి 17, 2025

దుర్గమ్మకి,

గుర్రం కాళ్ల సందుల్లో ఇసుక తీసినదానివి, ఆ బండి గురించి సగం మందికి తెలియనిది నీకు తెలుసు. సిగ్గుపడకు. నేనూ ఆరేళ్లు బోల్టులు కడిగాకే బోల్టు విప్పాను.

ఇప్పుడు విను. మీ అన్న బోటు ఎక్కడి నుంచి నడుస్తుంది? వెనక నుంచి. చిన్నప్పుడు హార్బర్లో నాగబాబు నీ చేతికి చుక్కాని ఇచ్చాడని నువ్వే చెప్పావు. ముక్కు ఒక వైపు తిప్పితే తోక రెండో వైపు జరుగుతుంది కదా. ఇంజను గట్టిగా ఇస్తే ఇంకా జరుగుతుంది. కంగారుపడి ఇంజను ఒక్కసారి కోసేస్తే, అంటే ఆపేస్తే, బోటు కెరటానికి అడ్డం పడుతుంది. నీ ఒంటికి తెలిసిన విద్యే ఇది. నా ఫిగో నీకు మరపించింది, ఆ పాపం నాది.

కొత్త బండికి చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కిస్తాం. ఈ బండికి నిమ్మకాయ చక్రం కింద కాదు, కాలి కింద పెట్టుకోవాలి. కుడికాలి బొటనవేలి కింద కాయ ఉంది. చితకకూడదు, దొర్లకూడదు. నిజం కాయతోనే సాధన చెయ్యి, మంచం మీద కూర్చుని, రోజుకి గంట. మలుపులోకి వెళ్లేటప్పుడు కాయ మీద బరువు ఉండకూడదు. మలుపు సగం దాటాక వేస్తూ రావాలి. తోక జరిగితే బ్రేకు జోలికి పోకు. కాలు మెల్లగా తేల్చి, జరిగిన వైపుకే స్టీరింగు తిప్పు. కళ్లు మాత్రం వెళ్లాల్సిన దారి మీదే పెట్టు, గుద్దుకుంటానేమో అనుకున్న స్తంభం మీద పెట్టకు. బండి కళ్ల వెనకే పోతుంది.

నువ్వు పంపిన శబ్దం విన్నాను. ఐదుసార్లు విన్నాను. ఆహా, ఏం గొంతమ్మా అది! ఎనిమిది సిలిండర్లూ ఒకదాని వెనక ఒకటి మెట్లు దిగుతున్నట్టు విడివిడిగా వినిపించాయి. అదీ ఫోర్డంటే. మిగతా కంపెనీల వాళ్లు వెయ్యి జన్మలెత్తినా ఆ నాదం రాదు. తా పట్టిన కుందేలుకు మూడే కాళ్లంటాడు వీడు అని నవ్వుకుంటావేమో, నవ్వుకో.

గురునాథరావు

షార్జా,
ఫిబ్రవరి 3

మావయ్యకి,

ఈ ఉత్తరం చిన్నది. ముందు నీ మీద కోపంతో రాసి చింపేశాను. ఇది రెండోది.

నీ మాట విని నిమ్మకాయతో సాధన చేస్తున్నాను. నాతో గదిలో ఉండే అమ్మాయి నాకు పిచ్చి పట్టిందనుకుంటోంది. ఆమెకి చూపించాలని నీకు పంపిన శబ్దం మళ్లీ పెట్టాను. అది మస్టాంగు కాదు. రెండు రికార్డులు చేసి, తప్పుది పంపాను. అది బళ్లు కడిగే నీళ్ల మోటారు. ఈగలు ముసిరినట్టు గుయ్యిమని ఒకటే రొద, నిమిషమున్నర.

నువ్వు మెట్లు దిగుతున్నాయన్నావు.

నన్ను ఆటపట్టించావనుకున్నాను మొదట. నా అబద్ధానికి బదులు తీర్చుకున్నావనుకున్నాను. తర్వాత రాత్రి పడుకుంటే ఒక్కొక్కటీ గుర్తొచ్చాయి. ఫోన్ ఎత్తవు. అత్త కాగితం మీద రాసి చూపిస్తోంది. షెడ్డుకి ఎవరొచ్చినా "శబ్దం ఎలాగొస్తంది, నోటితో చెయ్యండి" అంటావు. ఎంత మర్యాదగా అడుగుతాడో అని అందరూ మెచ్చుకుంటారు.

మావయ్యా, నీకు వినపడటం లేదా?

దుర్గ

సబ్బవరం,
ఫిబ్రవరి 19

దుర్గమ్మకి,

చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు అంటారే, ఆ చెవిటివాణ్ణి నేనే. పట్టుకున్నావు. నేను నిన్ను చక్రాల దగ్గర పట్టుకుంటే నువ్వు నన్ను నీళ్ల మోటారు దగ్గర పట్టుకున్నావు.

రెండేళ్లయింది. ముందు పొద్దున్న పిచ్చుకలు పోయాయి. అవే రావడం మానేశాయనుకున్నాను. తర్వాత ఫోను పోయింది. తర్వాత మీ అత్త గొంతు. పెద్దాసుపత్రిలో చూపించుకున్నాను, నరం అరిగిపోయిందన్నారు. చెవికి మిషను పెట్టుకుంటే కొంత మేలంటున్నారు గానీ పెట్టుకుంటే నలుగురికీ కనబడుతుంది. గురునాథరావు చెవి పెడితే చాలు, ఇంజను తన రోగం తనే చెప్పుకుంటుంది అని ఈ చుట్టుపక్కల నాకు పేరు. ఆ పేరు మీదే ఈ షెడ్డు నిలబడింది. అది చెప్పుకోలేక అందరి చేతా నోటితో శబ్దాలు చేయిస్తున్నాను. సూర్యకళ టీచరు సైలెన్సరు చప్పుడు చేస్తే పెదాలు చూసి పోల్చుకుంటాను. మిగతాది అరచెయ్యి ఆనించి కనిపెడతాను. ఇంతవరకూ ఎవరికీ తప్పు చెప్పలేదు. కానీ భయంగా ఉంటోంది. ఏదో ఒక రోజు ఒకరి బండి బ్రేకు నాతో మాట్లాడుతుంది, నేను వినను.

నీ ఉత్తరాలు ఎందుకు అడిగానో ఇప్పుడు తెలిసింది కదా. నువ్వు రాస్తే నాకు వినపడుతుందనుకున్నాను. వినపడింది కూడా, నీళ్ల మోటారైతే ఏం.

పరీక్ష సంగతి మర్చిపోకు. కాయ చితకకూడదు.

గురునాథరావు

(ఇది అత్త రాస్తంది దుర్గమ్మా. ఆయన మడత పెట్టీసేముందు నాను లాక్కున్నాను. నాకు తెలీదనుకుంటన్నాడు ఇన్నాళ్లూ. కాగితం మీద రాసి చూపించడం నాకు సరదా అనుకుంటన్నాడు. మాట్లాడితే ఆయన మొహం చిన్నబోతంది, అది చూడలేక రాస్తన్నాను. నువ్వడిగినావు కాబట్టి ఒప్పుకున్నాడు. బతికించినావు తల్లీ. నువ్వు బాగా నడుపు.)

షార్జా,
మార్చి 16

మావయ్యకి, అత్తకి,

గెలిచాను.

ముందు ఆ మాట రాసేశాను, ఎందుకంటే మిగతాది చదివితే నువ్వు నన్ను కొడతావు. నీకిచ్చిన మాట తప్పాను. పరీక్ష రోజు ఎర్ర మస్టాంగు సర్వీసుకి, మిగతా మస్టాంగులన్నీ అద్దెకి వెళ్లిపోయాయి. మేనేజరు తాళం విసిరాడు. చూస్తే ఛాలెంజరు. ఊదారంగుది. వేరే రోజు పెట్టమని అడుగుదామా అని నిజంగా అనుకున్నాను. తాళం పట్టుకుని అలాగే నిలబడితే ఆయన గడియారం చూసుకున్నాడు. ఎక్కేశాను. ఎక్కేముందు కుళాయి దగ్గర కాళ్లు కడుక్కున్నాను, అది మాత్రం నీ కోసం.

ఎంత బండి మావయ్యా. కూర్చుంటే ముందు బానెట్టు చివర కనబడదు, ఊరి పొలిమేర లాగా ఎక్కడో ఉంటుంది. స్టార్ట్ చేస్తే బండి మొత్తం ఎడమకి ఒకసారి ఒరిగి మళ్లీ సర్దుకుంది. నేను చేసిన పనికి ఇంత పెద్ద వస్తువు ఒళ్లు విరుచుకుందా అని చేతుల మీద వెంట్రుకలు లేచాయి. కాలి కింద నిమ్మకాయ ఉందనుకుని గేటు దాటాను.

ఇండస్ట్రియల్ ఏరియా రౌండెబౌట్ మీద ముందురోజు గాలికి ఇసుక పరుచుకుని ఉంది. నేను చూసేసరికి మలుపులో సగం వచ్చేశాను. తోక జరిగింది. నా నడుము, నువ్వు రాసినట్టే, పక్కకి జరిగింది. మేనేజరు డాష్‌బోర్డు పట్టుకున్నాడు. ఆ ఒక్క క్షణం నాకు రోడ్డు కనపడలేదు, హార్బర్ గోడ కనబడింది, అన్న కేక వినిపించింది: "కొయ్యకే, ఇంజన్ కొయ్యకే, మెల్లగ తేల్చు." తేల్చాను. జరిగిన వైపుకే తిప్పాను. కళ్లు దారి మీద పెట్టాను. అంత బరువు బండి తోక ఊపుకుని వచ్చి బుద్ధిగా నా వెనక చేరింది.

మేనేజరు డాష్‌బోర్డు వదిలి సీటు బెల్టు సర్దుకున్నాడు. తర్వాత ఇలాంటి బళ్లు ఎక్కడ నేర్చుకున్నావని హిందీలో అడిగాడు. ఉత్తరాల్లో అన్నాను. ఆయనకి నా హిందీ అర్థం కాలేదనుకుని మళ్లీ అడిగాడు. మళ్లీ అదే చెప్పాను.

ఇంకో మాట కూడా చెప్పాలి, దాచితే మళ్లీ పట్టుకుంటావు. ఆ ఛాలెంజరు నాకు నచ్చింది. చాలా నచ్చింది. దిగాక దాని ముందు చక్రం పైనున్న రెక్క మీద చెయ్యి వేసి కాసేపు ఉండిపోయాను. తప్పా?

దుర్గ

సబ్బవరం,
ఏప్రిల్ 4

దుర్గమ్మకి,

గెలిచాను అన్న ఒక్క మాట చదివి షెడ్డులో ఉన్న అందరికీ టీ చెప్పాను. రెండో పేరా చదివాక టీ చేదుగా తగిలింది. ఊదారంగా! పోన్లే. నీకు తిండి పెట్టే బండి ఏదైతే అదే గొప్ప బండి. ఇది నేను రాస్తున్నానంటే మీ అత్త నమ్మక, తొంగి చూసి వెళ్లింది.

తప్పు కాదమ్మా. నేనే ఇన్నేళ్లు ఒక కంపెనీ బొమ్మకి కట్టుబడి ఉన్నాననుకున్నాను, కట్టుబడింది మనుషులకి. మొన్న ఆదివారం రుషికొండలో సంగతి బయటపెట్టేశాను. నువ్వు అంత దూరంలో బకెట్టు సంగతి ఒప్పుకున్నావు, నేను ఇక్కడ చెవి సంగతి ఒప్పుకోలేనా అనిపించింది. బళ్లు వరసగా ఆగి ఉన్నాయి. టీ గ్లాసులు పట్టుకుని అందరూ నిలబడ్డారు. నాకు రెండేళ్లుగా వినపడటం లేదు, మీరు వేరే మెకానిక్కుని చూసుకోండి అని చెప్పేశాను. నా గొంతు ఎంత గట్టిగా వచ్చిందో నాకు తెలియదు. దూరంగా గాలిపటాలు అమ్మేవాడు కూడా తిరిగి చూశాడు.

మోహనకృష్ణ వచ్చి నా ఎదురుగా నిలబడి, పెదాలు కనబడేలా మెల్లగా అన్నాడు: "మాకు ఏడాది నుండీ తెల్సు మావా. నువ్వడుగుతావని మేం ఇంటికాడ సౌండు ప్రాక్టీసు సేసుకుని వత్తన్నాం." సూర్యకళ టీచరు తలూపింది. ఆమె తన ఫిగో బెల్టు చప్పుడు వారం రోజులు అద్దం ముందు సాధన చేసి వచ్చిందట, స్కూల్లో పిల్లలు విని నవ్వారట. నాకు ఏడుపు ఆగలేదు. ముసలాడు బీచ్‌లో ఏడిస్తే ఎంత అసహ్యంగా ఉంటుందో చూసుకోలేదు.

ఇక మీదట మంగళవారాలు చెవి మిషను కోసం వెళ్తున్నాను. బ్రేకుల పని మాత్రం పక్కన ఇంకో మెకానిక్కు చెవి లేకుండా ముట్టను, ఆ షరతు నేనే పెట్టాను. నిన్న ఒకాయన వేరే కంపెనీ బండి తెచ్చాడు, మీరు చూడరంట కదా అని మొహమాటపడ్డాడు. బానెట్టు ఎత్తమన్నాను. అరచెయ్యి ఆనించాను. బాగానే ఉంది, పాపం.

నువ్వు నాకు ఇంకా మస్టాంగు బాకీ.

గురునాథరావు

షార్జా,
ఏప్రిల్ 25

మావయ్యకి,

ఇవాళ నడిపాను. ఎర్రదే. మా యార్డులో క్లచ్ ఉన్నది అదొక్కటే, ఆరు గేర్లు. ఇక్కడివాళ్లకి క్లచ్ అలవాటు లేదు, అందుకే ఎవరూ తీసుకోక మూలనుండేది. కొండల అవతల సముద్రం ఒడ్డున ఖోర్‌ఫక్కన్‌ అని ఊరుంది, అక్కడ ఒకావిడ అదే కావాలంది. తెచ్చివ్వడానికి నన్ను పంపారు. కొండల మధ్య రోడ్డు, శుక్రవారం పొద్దున్న, మనిషి పురుగు లేదు.

నీకెలా రాయాలా అని రోడ్డెక్కాక కూడా ఆలోచిస్తూనే ఉన్నాను. శబ్దం గురించి రాస్తే నీకు మళ్లీ నీళ్ల మోటారే పంపినట్టు. అందుకని కొండలు మొదలయ్యే చోట పక్కకి ఆపి రెండు చెవుల్లో దూది కుక్కుకున్నాను, మీద స్కార్ఫు గట్టిగా కట్టాను. తర్వాత స్టార్ట్ చేశాను. కాబట్టి ఇక్కడి నుంచి నేను రాసేదంతా నీకు తెలిసేదే.

ఇంజను కదలిక మొదట వెన్నెముక చివర తగిలింది. మెల్లగా, లెక్కపెట్టుకునేంత మెల్లగా. గేరు కర్ర కుడిచేతికి ఉంటుంది ఇక్కడ. దాని గుండు అరచేతిలో పిట్ట గుండెలాగా కొట్టుకుంటోంది. క్లచ్ బరువు, ఎడమకాలి పిక్క దాకా తెలుస్తుంది. వదులుతుంటే సగంలో ఒక చోట బండి పట్టుకుంటుంది, ఆ చోటు బాగా వెడల్పు, తొందర పెట్టదు. మొదటి గేరు. నడుము కింద కదలిక పక్కటెముకల్లోకి ఎక్కింది. రెండు. వెనక నుంచి నెట్టుడు ఎలా ఉంటుందంటే, నెట్టినట్టు ఉండదు, రోడ్డే నీ వైపు వస్తున్నట్టు ఉంటుంది. సీటు నిన్ను వదలదు. మూడో గేరుకి వెళ్లే ముందు ఆ కదలిక పళ్లలోకి వచ్చింది. పై పళ్లూ కింది పళ్లూ విడిగా ఉంచుకోవాల్సి వచ్చింది. అద్దంలో వెనక కొండ వణికి రెండు కొండలైంది. క్లచ్ నొక్కి మూడు వేశాను. ఒక్కసారి అంతా నిలిచిపోయి, మళ్లీ కింద నుంచి, ఇంకా లోతు నుంచి మొదలైంది.

అప్పుడు సొరంగం వచ్చింది. లోపలికి వెళ్లగానే గాలి నా గుండె మీద అరచెయ్యి పెట్టి నొక్కింది. చెవులకి ఏమీ లేదు మావయ్యా. ఒళ్లంతా చెవి అయిపోయింది. నాకు భయం వెయ్యలేదు. దేవుడి ముందు నిలబడ్డప్పుడు భయం వేస్తుంది నాకు, ఇప్పుడు అది కూడా వెయ్యలేదు. నువ్వు నూట ఇరవై గజాలు నడిపి, షోరూము మూసేశాక కూడా ఆ బళ్లతోనే ఎందుకు ఉండిపోయావో అర్థమైంది. ఎనభైలోనే ఉన్నాను, వేగం పెంచలేదు, పెంచాలనిపించలేదు.

సొరంగం అవతల సముద్రం కనబడింది.

దుర్గ

సబ్బవరం,
మే 14

దుర్గమ్మకి,

నీ ఉత్తరం ఇంట్లో విప్పలేదు. షెడ్డులో సూర్యకళ టీచరు ఫిగో సర్వీసుకి వచ్చి ఉంది. డ్రైవరు సీట్లో కూర్చుని, తలుపు వేసుకుని చదివాను. ఇంజను ఆపేసే ఉంది. తాళం నా జేబులోనే ఉంది.

మొదటి గేరు దగ్గర సీటు సర్దుకున్నాను. రెండో గేరు దగ్గర పళ్లు విడిగా పెట్టుకున్నాను, నువ్వు చెప్పక ముందే. మూడో గేరుకి నువ్వు క్లచ్ నొక్కావని చదివి చూసుకుంటే నా ఎడమకాలు కిందికి నొక్కేసి ఉంది. ఎప్పుడు నొక్కానో నాకు తెలియదు. కాలు తియ్యలేదు. కాగితం తిప్పాను.

మీ అత్త అన్నం వేళయిందని వెతుక్కుంటూ వచ్చింది. కదలని బండిలో స్టీరింగు మీద కాగితాలు పెట్టుకుని, కాలు నొక్కిపట్టి, కళ్లు తుడుచుకుంటున్న మనిషిని చూసి అద్దం మీద కొట్టింది. ఆమె పెదాలు చూశాను. "ఏటి, ఎక్కడికెల్లిపోతన్నావు?" అంటోంది.

చెయ్యి ఎత్తి ఆగమన్నాను.

"ఉండవే. ఇంకా సొరంగంలోనే ఉన్నాం."

గురునాథరావు